ఫండ్ మారితే చివరికి మిగిలేదెంత? ఖర్చులు, స్విచ్, రాబడుల లెక్క

మ్యూచువల్ ఫండ్‌లో మదుపు చేసినవారిని ఏటా ఫీజు ఎంత కడుతున్నారని అడిగితే, ఏమీ కట్టడం లేదనే చాలామంది చెబుతారు. వారికి తెలిసినంతలో అది నిజమే. బ్యాంకు ఖాతాలోంచి ఫీజు పేరిట రూపాయి పోదు, బిల్లు రాదు, ఫోనుకు మెసేజీ రాదు. ఖర్చుల సొమ్మును పథకం నిధిలోంచే ఏ రోజుకు ఆ రోజు మినహాయించుకుని, ఆ తర్వాతే ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) ప్రకటిస్తారు. ధాన్యం కొనేటప్పుడు బస్తాకు ఇంతని తరుగు తీసేసి, మిగిలిన తూకానికే చీటీ రాసిచ్చినట్టు ఉంటుందిది. చీటీలో ఉన్న అంకె తప్పు కాదు. తరుగు ఎంత తీశారన్నది మాత్రం ఆ చీటీ చూస్తే తెలియదు.

ఆ తరుగును రూపాయల్లోకి మార్చి చూడాలి. షేర్లలో మదుపు చేసే ఒక ఈక్విటీ ఫండ్ రెగ్యులర్ ప్లాన్‌లో (ఏజెంటు ద్వారా కొనేది) రూ.5 లక్షలు ఉన్నాయనుకుందాం. దాని ఎక్స్‌పెన్స్ రేషియో, అంటే ఏడాది ఖర్చుల శాతం, 1.8. అంటే ఏడాదికి రూ.9,000, రోజుకు దాదాపు రూ.25. మార్కెట్ పెరిగిన రోజూ తీస్తారు, పడిన రోజూ తీస్తారు, ఆదివారం కూడా లెక్కలోకి వస్తుంది. ఇది లాభంలో వాటా కాదు, మొత్తం సొమ్ము మీద పడే కోత. ఖర్చులు తీయకముందు ఆ ఫండ్ ఏడాదిలో 6 శాతమే పెరిగిందంటే, అందులో 1.8 శాతం ఖర్చులకే పోతుంది. వచ్చిన లాభంలో 30 శాతం అన్నమాట. 1.8 అనే అంకెను 100తో పోల్చి చూస్తే చిన్నదిగా కనిపిస్తుంది. పోల్చాల్సింది రాబడితో.

ఈ ఖర్చుకు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పరిమితి పెట్టింది. 2019 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం, ఈక్విటీ పథకంలో మొదటి రూ.500 కోట్ల మీద 2.25 శాతం, తర్వాతి రూ.250 కోట్ల మీద 2 శాతం, ఆపై రూ.1,250 కోట్ల మీద 1.75 శాతం, దానిపై రూ.3,000 కోట్లకు 1.60 శాతం, ఇంకో రూ.5,000 కోట్లకు 1.50 శాతం దాటకూడదని ఉండేది. ఆదాయపన్ను శ్లాబుల్లా అంచెలంచెలుగా లెక్కగట్టేవారు. రూ.10,000 కోట్ల ఫండ్‌కు అన్నీ కలిపితే గరిష్ఠం సుమారు 1.61 శాతం అయ్యేది. అందుకే పెద్ద ఫండ్లకు ఖర్చు తక్కువగానూ, చిన్నవాటికి, కొత్తవాటికి ఎక్కువగానూ కనిపిస్తుంది. 2025 డిసెంబరులో సెబీ బోర్డు ఈ విధానాన్ని మళ్లీ సవరించింది. జీఎస్టీ, స్టాంపు డ్యూటీ లాంటి ప్రభుత్వ పన్నులను ఫండ్ సొంత ఖర్చు నుంచి విడదీసి, ఆ సొంత ఖర్చుకే బేస్ ఎక్స్‌పెన్స్ రేషియో పేరుతో వేరే పరిమితి పెట్టాలని నిర్ణయించింది. 2026 ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతి. విడదీయడం మంచిదే. ఎవరు ఎంత తీసుకుంటున్నారో ఇప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. అయితే రెండు ఫండ్లను పోల్చేటప్పుడు ఒకదాని బేస్ అంకెను మరోదాని మొత్తం అంకె పక్కన పెట్టి చూస్తే మోసపోతారు. మదుపరి జేబుకు సంబంధించింది అన్నీ కలిపిన మొత్తమే.

ఏజెంటుకు వెళ్లేది

ఒకప్పుడు ఫీజు కళ్లకు కనిపించేది. ఈక్విటీ ఫండ్‌లో రూ.10,000 పెడితే ఎంట్రీ లోడ్ కింద 2.25 శాతం, అంటే రూ.225 ముందే పోయి, మిగిలిన రూ.9,775కే యూనిట్లు వచ్చేవి. 2009 ఆగస్టు 1 నుంచి సెబీ దీన్ని రద్దు చేసింది. తర్వాత 2018 అక్టోబరులో, డిస్ట్రిబ్యూటర్లకు (ఫండ్లు అమ్మే ఏజెంట్లకు) ముందుగానే ఒకేసారి కమీషన్ ఇచ్చే పద్ధతికీ తెర దించింది. ఇప్పుడు ఉన్నది ప్రధానంగా ట్రెయిల్ కమీషన్. సొమ్ము ఫండ్‌లో ఉన్నంతకాలం, ఆ సొమ్ము విలువ మీద, ఏటా. మదుపు పెరిగితే కమీషనూ పెరుగుతుంది. ఇరవై ఏళ్ల కిందట ఒక్కసారి ఫారం నింపించిన డిస్ట్రిబ్యూటర్‌కు కూడా, ఆ ఫోలియోలో (ఫండ్ ఖాతాలో) అతని కోడ్ ఉన్నంతవరకు, అందుతూనే ఉంటుంది.

ఈ కమీషన్ లేని దారి 2013 జనవరి 1న తెరుచుకుంది. ప్రతి పథకానికీ డైరెక్ట్ ప్లాన్ తప్పనిసరి అయింది. అదే ఫండ్ మేనేజరు, అవే షేర్లు, అదే పథకం. తేడా ఒక్క ఎక్స్‌పెన్స్ రేషియోలోనే. డైరెక్ట్ ప్లాన్ ఎన్‌ఏవీ ఎక్కువగా కనిపించేదీ అందుకే. మధ్యలో కమీషన్ కోత లేకపోవడంతో ఏటా కాస్త కాస్త పోగయి అంత తేడా వచ్చింది.

ఏజెంటుకు ఎంత వెళ్తోందో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. అన్ని ఫండ్ల వివరాలూ కలిపి ఈమెయిల్‌కు వచ్చే ఖాతా స్టేట్‌మెంట్లలో, ఆరు నెలలకోసారి వచ్చేదానిలో, ప్రతి పథకం కింద డిస్ట్రిబ్యూటర్‌కు చెల్లించిన కమీషన్ రూపాయల్లో ఉంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరుకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చికి మరొకటి. చాలామంది మొదటి పేజీలో మొత్తం విలువ చూసి ఫైలు మూసేస్తారు. ఆ కమీషన్ గడి మాత్రం లోపలి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. స్టేట్‌మెంటు రాకపోతే, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే రిజిస్ట్రార్ సంస్థ కేఫిన్‌టెక్, చెన్నై సంస్థ క్యామ్స్ వెబ్‌సైట్లలో పాన్, ఈమెయిల్ ఇచ్చి తెప్పించుకోవచ్చు.

డైరెక్ట్, రెగ్యులర్ ప్లాన్ల ఖర్చులో ఈ తేడా ఇరవై ఏళ్లలో ఎంతవుతుంది? ఖర్చులకు ముందు ఫండ్ ఏటా 12 శాతం సంపాదించిందనుకుందాం. ఇది అంచనా మాత్రమే, హామీ కాదు. డైరెక్ట్ ప్లాన్ ఖర్చు 0.8 శాతం, రెగ్యులర్ ప్లాన్ ఖర్చు 1.8 శాతం. రూ.5 లక్షలు డైరెక్ట్‌లో 20 ఏళ్లకు సుమారు రూ.41.8 లక్షలవుతాయి. రెగ్యులర్‌లో రూ.34.9 లక్షలే. తేడా దాదాపు రూ.6.9 లక్షలు. మొదట పెట్టిన అసలు కంటే ఎక్కువ.

ఇంతమాత్రాన డిస్ట్రిబ్యూటర్ ద్వారా పెట్టినవారందరూ నష్టపోయారనడం అన్యాయం. 2020 మార్చిలో మార్కెట్ కుప్పకూలినప్పుడు సిప్‌లు (నెలనెలా కట్టే వాయిదాలు) ఆపొద్దని, యూనిట్లు అమ్మొద్దని ఫోన్ చేసి ఆపిన ఏజెంటు, తీసుకున్న కమీషన్ కంటే ఎన్నో రెట్లు మిగిల్చినట్టే. నామినీ నమోదు, చనిపోయినవారి యూనిట్లను కుటుంబం పేరిట మార్పించడం లాంటి పనుల్లో వెంట తిరిగేవారున్నారు. ఆ సేవ అందుతున్నప్పుడు ఒక శాతం ఇవ్వడంలో తప్పులేదు. ఫారం మీద సంతకం చేయించుకుని మళ్లీ కనిపించనివారికి, లేదంటే ఏటా కొత్త పథకంలోకి మారమని చెప్పడానికి మాత్రమే వచ్చేవారికి ఇస్తూ ఉండటమే నిజమైన నష్టం.

ఏ రాబడి ఎవరి రాబడి

ఫండ్ సంస్థలు ప్రకటించే రాబడి ఖర్చులు పోగా మిగిలినది. ఎక్స్‌పెన్స్ రేషియోను అందులోంచి మళ్లీ తీసివేయనక్కర్లేదు. అయితే ఎగ్జిట్ లోడ్ (గడువుకు ముందే వెనక్కి తీసుకుంటే పడే కోత), పన్ను అందులో లెక్కించరు. ఆ రెండూ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి.

ప్రకటనల్లో కనిపించే ఐదేళ్ల రాబడి, అంటే సీఏజీఆర్, ఫలానా రోజున మొత్తం సొమ్ము ఒకేసారి పెట్టి ఐదేళ్లు కదపకుండా ఉంచినవారి రాబడి. నెలనెలా సిప్ కట్టేవారికి అది వర్తించదు. ఒకాయన నెలకు రూ.10,000 చొప్పున 12 నెలలు కట్టాడు. ఏడాది తిరిగేసరికి విలువ రూ.1,26,000 అయింది. పెట్టింది 1,20,000, లాభం 6,000 కాబట్టి 5 శాతమే వచ్చిందని, ఇంతకంటే బ్యాంకు డిపాజిట్ నయమని అనిపిస్తుంది. కానీ మొదటి వాయిదా ఒక్కటే 12 నెలలు ఉంది. చివరి వాయిదా ఉన్నది నెలరోజులే. ఒక్కో వాయిదా ఎన్నాళ్లు ఉందో చూసి లెక్కగట్టే ఎక్స్‌ఐఆర్‌ఆర్ పద్ధతిలో ఇది సుమారు 9.4 శాతం అవుతుంది. సిప్‌ను డిపాజిట్‌తో పోల్చాలంటే ఈ అంకెనే చూడాలి. ఎక్సెల్‌లో ఒక వరుసలో తేదీలు, మరో వరుసలో కట్టిన మొత్తాలు మైనస్ గుర్తుతో, చివర ఈనాటి విలువ వేస్తే ఎవరైనా నిమిషంలో రాబట్టవచ్చు.

సగటుతో ఇంకో చిక్కుంది. ఒక ఫండ్ మొదటి ఏడాది 30 శాతం పెరిగి, రెండో ఏడాది 20 శాతం పడింది. సగటు 5 శాతం అని చెప్పుకోవచ్చు. చేతిలో మాత్రం రూ.100 మొదట 130 అయి, తర్వాత 104కు దిగింది. అంటే ఏటా 2 శాతం కూడా లేదు.

సూచీతో పోల్చేటప్పుడు డివిడెండ్లను కూడా కలిపిన సూచీతోనే పోల్చాలి. 2018 ఫిబ్రవరి నుంచి సెబీ దీన్ని తప్పనిసరి చేసింది. అంతకుముందు డివిడెండ్లు లేని సూచీతో పోల్చుకుని, షేర్ల డివిడెండ్లు తమ నిధిలో కలుపుకున్న ఫండ్లు మార్కెట్‌ను దాటేశామని చెప్పుకునేవి. నిఫ్టీ సూచీనే అనుకరించే ఇండెక్స్ ఫండ్ల డైరెక్ట్ ప్లాన్లు 0.2 శాతం చుట్టుపక్కల ఖర్చుతో దొరుకుతున్న రోజుల్లో, 1.8 శాతం తీసుకునే ఫండ్ మేనేజరు ముందు ఆ 1.6 శాతం తేడాను సంపాదించాలి, ఆ తర్వాతే అదనపు రాబడి మొదలవుతుంది.

రూ.10 ఎన్‌ఏవీతో వచ్చే కొత్త పథకాలు చౌక అన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా బలంగా ఉంది. రూ.10 ఫండ్‌లో లక్ష పెడితే 10,000 యూనిట్లు, రూ.500 ఫండ్‌లో 200 యూనిట్లు వస్తాయి. లోపలున్న షేర్లు 10 శాతం పెరిగితే రెండు చోట్లా రూ.1,10,000 అవుతుంది. యూనిట్ల సంఖ్యకు ఏ ప్రత్యేకతా లేదు. డివిడెండ్ ఆప్షన్ పరిస్థితీ ఇంతే. 2021లో దాని పేరు ఐడీసీడబ్ల్యూగా (ఆదాయ పంపిణీతో పాటు పెట్టుబడి వెనక్కి తీసుకోవడం అని అర్థం) మార్చడానికి కారణమే ఇది. ఇచ్చేది ఫండ్ సొమ్ములోంచే కాబట్టి, ఇచ్చిన మేరకు ఎన్‌ఏవీ తగ్గుతుంది, పైగా వచ్చినదాని మీద ఆదాయపన్ను శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది.

ఎన్‌ఏవీకి ఉన్న విలువేమిటో యూఎస్-64 చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1963 చట్టంతో ఏర్పడిన యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా 1964లో తెచ్చిన ఆ పథకాన్ని లక్షలాది మధ్యతరగతి కుటుంబాలు ప్రభుత్వ డిపాజిట్‌తో సమానంగా చూశాయి. కొనే ధర, అమ్మే ధర సంస్థే ప్రకటించేది. లోపలి ఆస్తుల అసలు విలువతో వాటికి ముడి లేదు. ఏటా డివిడెండ్ మాత్రం ఠంచనుగా వచ్చేది. 2001 జులైలో కొనుగోళ్లు, అమ్మకాలు ఆరు నెలలు నిలిపేస్తున్నట్టు ప్రకటించాక గానీ, ధరకూ విలువకూ మధ్య ఎంత దూరం పెరిగిందో జనానికి తెలియలేదు. 2002లో చట్టాన్ని రద్దు చేసి, 2003లో సంస్థను రెండుగా విడదీశారు. ప్రతిరోజూ లోపలి విలువను ప్రకటించి, అదే ధరకు కొనడం, అమ్మడం జరగాలన్న నిబంధన ఎంత అవసరమో ఆ దెబ్బ తిన్నవారికి బాగా తెలుసు.

స్విచ్ అంటే అమ్మి కొనడం

యాప్‌లో స్విచ్ అన్న మీట చూస్తే అది ఒకే పనిలా కనిపిస్తుంది. నిజానికి రెండు లావాదేవీలు. ఉన్న యూనిట్లు అమ్మడం, ఆ సొమ్ముతో అదే ఫండ్ సంస్థలోని మరో పథకంలో కొనడం. మరో సంస్థకు వెళ్లాలంటే స్విచ్ కుదరదు. అమ్మి, బ్యాంకులో డబ్బు పడ్డాక వేరే కొనుక్కోవాలి. ఆదాయపన్ను శాఖ దృష్టిలో ఈ రెండు దారులకూ తేడా లేదు. చేతికి రూపాయి రాలేదు కదా, పన్ను ఎందుకన్న ప్రశ్న సహజమే కానీ, చట్టం ప్రకారం అమ్మకం జరిగింది, లాభం తేలింది. పైగా స్విచ్‌లో మొత్తం సొమ్ము కొత్త పథకంలోకి వెళ్లిపోతుంది కాబట్టి, పన్ను విడిగా జేబులోంచి కట్టాలి. జులైలో రిటర్ను వేసేటప్పుడు ఈ బాకీ చూసి ఉలిక్కిపడేవారు ఏటా ఉంటారు.

స్విచ్‌తో పడే కోతల్లో కొన్ని నామమాత్రం. కొత్త యూనిట్ల మీద 0.005 శాతం స్టాంపు డ్యూటీ 2020 జులై నుంచి ఉంది. ఈక్విటీ యూనిట్లు అమ్మినప్పుడు సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ 0.001 శాతం. రూ.8 లక్షల మీద రెండూ కలిపినా రూ.50 లోపే. అసలు బరువు ఎగ్జిట్ లోడ్, మూలధన లాభాల పన్ను, కాలం మళ్లీ మొదటికి రావడం.

ఈక్విటీ ఫండ్లలో ఎక్కువగా కనిపించే ఎగ్జిట్ లోడ్ ఏడాది లోపు వెళ్లిపోతే 1 శాతం. కొన్ని ఫండ్లు 10 శాతం యూనిట్ల వరకు మినహాయింపు ఇస్తాయి. ఈ సొమ్ము ఫండ్ సంస్థకు వెళ్లదు, పథకంలోనే మిగిలిన మదుపరుల నిధిలో కలుస్తుంది. పన్ను విషయానికొస్తే, 2024 జులై 23 నుంచి ఈక్విటీ ఫండ్లలో ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20 శాతం, ఏడాది దాటాక అమ్మితే ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం. దాని మీద 4 శాతం సెస్సు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ ఫండ్ల (బాండ్లు, రుణపత్రాల్లో మదుపు చేసేవి) యూనిట్లకైతే ఎన్నేళ్లు ఉంచినా లాభం మీద శ్లాబు ప్రకారమే పన్ను.

సిప్ ఉన్నవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. ఒక్కో వాయిదాకు విడిగా ఏడాది నిండాలి. ఎన్నేళ్లుగా సిప్ కడుతున్నా, చివరి 12 వాయిదాలు ఎప్పుడూ ఏడాది లోపువే. పైన చెప్పిన రూ.1,26,000 ఉదాహరణలోని యూనిట్లన్నీ ఏడాది లోపువే అనుకుని స్విచ్ చేస్తే, 1 శాతం ఎగ్జిట్ లోడ్ రూ.1,260. మిగిలిన లాభం రూ.4,740 మీద 20 శాతం పన్ను, సెస్సు కలిపి దాదాపు రూ.986. మొత్తం రూ.2,246. ఏడాదంతా కష్టపడి వచ్చిన రూ.6,000 లాభంలో మూడో వంతుకు పైగా ఒక్క మీట నొక్కడంతో పోయింది. ముందు వచ్చిన యూనిట్లే ముందు అమ్ముడైనట్టు లెక్క కాబట్టి, పాత యూనిట్ల వరకే స్విచ్ చేసి, చివరి ఏడాదివి వదిలేస్తే ఈ కోత తప్పుతుంది. అవి ఏడాది నిండాక తర్వాత మార్చుకోవచ్చు.

రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు

అదే పథకంలో రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారినా పన్ను ఉంటుంది. ఫండ్ మారలేదు, షేర్లు మారలేదు, అయినా చట్టం దృష్టిలో ఇదీ అమ్మకమే. కొనుగోలు తేదీ కొత్తగా మొదలవుతుంది. ఈ ఒక్క స్విచ్ గురించి కాస్త లోతుగా లెక్క వేసుకోవడం అవసరం, ఎందుకంటే చాలామందికి ఉపయోగపడే మార్పు ఇదే.

రెగ్యులర్ ప్లాన్‌లో ప్రస్తుత విలువ రూ.8 లక్షలు. పెట్టింది రూ.5 లక్షలు, లాభం రూ.3 లక్షలు. యూనిట్లన్నీ ఏడాది దాటినవే కాబట్టి ఎగ్జిట్ లోడ్ లేదు. మొత్తం ఒకేసారి మార్చితే, 1.25 లక్షలు పోగా మిగిలిన రూ.1.75 లక్షల మీద 12.5 శాతం రూ.21,875, సెస్సుతో రూ.22,750. ఖర్చులో తేడా ఒక శాతం అయితే ఏటా మిగిలేది దాదాపు రూ.8,000. మూడేళ్లకు లెక్క సమానమవుతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ ఈ లెక్క స్విచ్‌ను ఉన్నదానికంటే ఖరీదైనదిగా చూపిస్తుంది. ఆ రూ.22,750 కొత్తగా పుట్టిన ఖర్చు కాదు. ఆ రూ.3 లక్షల లాభం మీద ఎప్పుడో ఒకప్పుడు, అమ్మిన రోజున, కట్టాల్సినదే. ఇప్పుడే కట్టేస్తే కొనుగోలు ధర రూ.5 లక్షల నుంచి రూ.8 లక్షలకు పెరుగుతుంది, రేపు అమ్మినప్పుడు పన్ను ఆ మేరకు తగ్గుతుంది. వారసులకు వదిలేసినా తప్పదు, వారికి వర్తించేది కొన్నవారి పాత ధరే. నిజంగా పోయేది, ఆ పన్ను సొమ్ము మరికొన్నేళ్లు ఫండ్‌లోనే ఉంటే సంపాదించి ఉండే రాబడి. 10 శాతం చొప్పున చూసినా ఏడాదికి రూ.2,275. మరోవైపు మిగిలేది రూ.8,000. పదేళ్లు ఉంచాలనుకునేవారికి మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది. రెండేళ్లలో ఇల్లు కట్టుకోవడానికో, పెళ్లికో మొత్తం తీసేయాలనుకునేవారికి ఈ మార్పుతో పెద్దగా ఒరిగేదేమీ లేదు, పైగా ఏడాది నిండకముందే అవసరం పడితే కొత్త యూనిట్ల మీద ఎగ్జిట్ లోడ్, స్వల్పకాలిక పన్ను రెండూ పడతాయి.

పన్నునూ తగ్గించుకోవచ్చు. రూ.1.25 లక్షల మినహాయింపు ఆర్థిక సంవత్సరానికి ఒకసారి. సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో మారిస్తే రెండు సంవత్సరాల మినహాయింపులు కలిసి వస్తాయి. రూ.3 లక్షల లాభంలో రూ.2.5 లక్షలకు పన్ను లేదు. మిగిలిన రూ.50,000 మీద సెస్సుతో కలిపి రూ.6,500. రెండు వారాల తేడాతో రూ.16,250 మిగిలింది. మూడు సంవత్సరాలకు సర్దితే, ఈలోగా పెరిగే లాభం సంగతి పక్కన పెడితే, పన్నే లేదు. అయితే పాత యూనిట్లు ముందు వెళ్తాయి, వాటిలోనే లాభం శాతం ఎక్కువ. యూనిట్లలో సగం అంటే లాభంలో సగం కాదు. ఎన్ని యూనిట్లు మార్చితే 1.25 లక్షల లాభం తేలుతుందో స్టేట్‌మెంట్ చూసి లెక్క కట్టుకోవాలి. ఆ ఏడాది షేర్లు అమ్మి తెచ్చుకున్న దీర్ఘకాలిక లాభం కూడా ఇదే మినహాయింపులోంచి పోతుందని మరవకూడదు.

పాత సిప్‌ను ఆపి కొత్త సిప్‌ను డైరెక్ట్‌లో మొదలుపెట్టడానికి మాత్రం ఏ లెక్కా అక్కర్లేదు. ఆ పని ఈ రోజే చేసుకోవచ్చు. పన్ను ప్రశ్న అంతా ఉన్న యూనిట్లది.

గత ఏడాది ముందు వరుసలో నిలిచిన ఫండ్‌లోకి దూకడం దీనికి పూర్తిగా వేరు. అక్కడ మిగిలేది ఖాయమైన ఒక శాతం కాదు, ఊహ. పై ఉదాహరణలోని రూ.22,750 అంటే మొత్తం విలువలో 2.84 శాతం. ఎప్పుడైనా కట్టాల్సిన పన్నే అయినా, దాన్ని ఇప్పుడే కట్టినందుకు తగిన ఖాయమైన ప్రతిఫలం ఇక్కడ లేదు. ఒక రంగం షేర్లు పరుగెత్తిన ఏడాది ఆ రంగం ఫండ్లే పట్టికలో పైన ఉంటాయి, పరుగు ఆగాక కిందికి జారతాయి. పట్టిక చూసి మారేవారు ప్రతిసారీ పరుగు అయిపోయాకే చేరతారు. పాత ఫండ్ మూడు నాలుగేళ్లుగా తన సూచీ కంటే, తన తరగతి ఫండ్ల కంటే వెనకబడుతూ వస్తే, మేనేజరు మారి మదుపు పద్ధతే మారిపోతే, అప్పుడు మార్పు గురించి ఆలోచించడంలో అర్థముంది. మారేటప్పుడు కూడా, ఒక ఈక్విటీ పథకంలోంచి మరో ఈక్విటీ పథకంలోకి డబ్బు చేరడానికి ఒకటి రెండు పనిదినాలు పట్టవచ్చు, డబ్బు అందిన రోజు ఎన్‌ఏవీయే వర్తిస్తుంది.

స్వల్పకాలిక రుణపత్రాల్లో మదుపు చేసే లిక్విడ్ ఫండ్‌లో పెద్ద మొత్తం పెట్టి, నెలనెలా కొంత ఈక్విటీకి పంపే ఎస్‌టీపీలో కూడా ప్రతి బదిలీ ఒక అమ్మకమే. లిక్విడ్ ఫండ్‌లో ఏడు రోజులు నిండకముందే తీస్తే నామమాత్రపు ఎగ్జిట్ లోడ్ ఉంటుంది, ఏడో రోజు నుంచి ఉండదు. పన్ను ఆదా కోసం పెట్టే ఈఎల్ఎస్ఎస్ ఫండ్లలో మూడేళ్ల లాకిన్ (సొమ్ము తీయడానికి వీల్లేని గడువు) ఒక్కో వాయిదాకు విడిగా లెక్క, అది తీరేదాకా స్విచ్ మాటే లేదు. మరోవైపు, సంస్థే రెండు పథకాలను విలీనం చేసి ఒక దాని యూనిట్లకు బదులు మరో దాని యూనిట్లు ఇస్తే అప్పటికి పన్ను పడదు, పాత కొనుగోలు తేదీ, ధరే కొనసాగుతాయి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ లెక్కల్లో సగం మారిపోతాయి. ప్రవాసులు స్విచ్ చేసినప్పుడు లాభం మీద పన్నును ఇక్కడి ఫండ్ సంస్థే ముందుగా కోసి, మిగిలినదే కొత్త పథకంలోకి పంపుతుంది. రెసిడెంట్లలా తర్వాత జేబులోంచి కట్టే పద్ధతి వారికి లేదు. దానికి తోడు అమెరికా పన్ను చట్టం భారతీయ మ్యూచువల్ ఫండ్లను పీఎఫ్ఐసీ (పాసివ్ విదేశీ పెట్టుబడి కంపెనీ) కింద లెక్కిస్తుంది. ప్రత్యేకంగా వేరే పద్ధతి ఎంచుకోకపోతే, అమ్మినప్పుడు తేలిన లాభాన్ని ఫండ్‌ను ఉంచుకున్న సంవత్సరాలన్నిటికీ పంచి, గత సంవత్సరాల వాటా మీద ఆయా ఏళ్ల గరిష్ఠ రేటుతో పన్ను, దాని మీద వడ్డీ వేస్తారు. ఫారం 8621 ఒక్కో ఫండ్‌కు విడిగా వేయాలి. పది ఫండ్లుంటే పది ఫారాలు. హైదరాబాద్‌లో ఉండగా మొదలుపెట్టిన సిప్‌లను అక్కడికి వెళ్లాక కూడా అలాగే నడిపిస్తున్నవారు, రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారాలని ఇక్కడి లెక్క చూసుకుని స్విచ్ మీట నొక్కేముందు, అక్కడి పన్ను తెలిసిన అకౌంటెంటుతో (సీపీఏ) ఒకసారి మాట్లాడాలి. భారత్‌లో రూ.1.25 లక్షల మినహాయింపు లోపే ఉన్న లాభం కూడా అమెరికా రిటర్నులో చూపించాల్సిందే.